బెల్లం తిన్న సైకిలు

మా ఆయన లక్ష్మయ్య పోతూ పోతూ నాకు రెండు విడిచిపెట్టాడు. ఒకటి కృష్ణానగర్‌లో కిరాయి గది, రెండోది ఆకుపచ్చ సైకిలు. గది ఎప్పుడైనా ఖాళీ చేయమంటారు. సైకిలు మాత్రం నాదే.

ఆ సైకిలు ఇక్కడిది కాదు. ఆయన జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాకు తోటమాలిగా ఉండేవాడు. ఆ బంగళా యజమాని దాన్ని లండన్ నుంచి ఓడలో తెప్పించుకున్నాడట. తెప్పించుకున్నాక తెలిసింది, జూబ్లీహిల్స్‌లో గేటు దాటితే ఎటుపోయినా గుట్టే అని. కొన్నాళ్ళు తొక్కి, ఒకరోజు రోడ్డు పక్కన గుండె పట్టుకుని కూర్చుని, లేచి వచ్చి తోటమాలికి ఇచ్చేశాడు. 

దాని వెనక చక్రం నడిమధ్యలో చిన్న చెంబంత ఉక్కు డబ్బా ఉంటుంది. హబ్బు అంటారు. మూడు గేర్లూ దాని కడుపులోనే దాక్కుని ఉంటాయి. బయటికి ఒక సన్నని తీగ, హ్యాండిల్ మీద ఒక చిన్న మీట, అంతే కనపడేది. తొక్కుతుంటే లోపల ఎవరో గడియారం పెట్టినట్టు టిక్ టిక్ అంటుంది. లక్ష్మయ్య దాన్ని పొద్దున్నే లేచి తుడిచేవాడు. నన్ను వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకునేవాడు గాని తొక్కనిచ్చేవాడు కాదు. "ఆడోళ్ళు తొక్కితే గేర్లు ఖరాబైతయ్" అనేవాడు. తొక్కేది ఆడదో మగవాడో గేర్లకు ఎట్లా తెలుస్తుందో చెప్పకుండానే పోయాడు.

నేను జూనియర్ ఆర్టిస్టుని. జాతరలో జనం, బజారులో జనం, హీరో తండ్రి శవం చుట్టూ జనం, అన్నీ నేనే. మా ఆయన పోయాక నాకు పని పెరిగింది. చావు సీనుకు నా బొట్టు తుడిచే పని లేదు, చీర మార్చే పని లేదు. వచ్చినదాన్ని వచ్చినట్టే కూర్చోబెట్టి ఏడవమంటారు. పెళ్ళి సీను అయితే నుదుట ఒక స్టిక్కరు అంటించి ముందు వరసలో నిలబెడతారు. మా వాడలో నిజం పెళ్ళి జరిగితే నన్ను కొంచెం వెనక్కి జరగమంటారు. సినిమావాళ్ళకు ఆ పట్టింపు లేదు. నేను అక్షింతలు వేసిన హీరోలందరూ బాగానే ఉన్నారు, మళ్ళీ మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాళ్ళతో సహా.

ఇన్నేళ్ళలో నాకు ఒక్క డైలాగు లేదు. ఏడుపు కూడా నాది కాదు. నేను ఎండలో కూర్చుని గుండెలు బాదుకుని ఏడిస్తే, తర్వాత ఇంకొకామె చల్లటి గదిలో మైకు ముందు ఏడ్చేది. తెర మీద నోరు నాది, ఏడుపు ఆమెది.

ఈ మధ్య రవిచంద్ర అనే డైరెక్టరు యాభై ఏళ్ళ కిందటి హైదరాబాద్ కథ ఒకటి తీస్తున్నాడు. పాత సైకిలు కావాలని వెతుకుతుంటే ఎవరో నా గది చూపించారు. వచ్చాడు. నేను స్టాండు వేసి పెడలు తిప్పి చూపించాను. అతను గర్భగుడి ముందు నిలబడ్డట్టు కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఈ సౌండ్ నాకు కావాలమ్మా. మేం సింక్ సౌండ్ చేస్తున్నాం. లొకేషన్‌లో ఏది వినపడితే సినిమాలో అదే ఉంటుంది, డబ్బింగ్ లేదు."

"అంటే మనుషులు మాట్లాడితే గూడ ఆళ్ళ గొంతే ఉంటదా సార్?"

"అవునమ్మా."

"అయితే సైకిలిస్త. కిరాయి మీకు తోచింది ఇయ్యుండ్రి. నాకొక డైలాగియ్యాలె."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. అతను నవ్వడం ఆపి, కొంచెంసేపు ఆలోచించి, సరేనన్నాడు. 

సీను ఇది. హీరో ప్రేమించిన పిల్లను చూడడానికి సైకిలు మీద గడ్డ, అదే ఎత్తు రోడ్డు, ఎక్కుతుంటాడు. సగం దూరంలో ఒక ముసలమ్మ రోడ్డు పక్కన మక్కకంకులు కాలుస్తుంటుంది. ఆమె వాడిని చూసి అంటుంది: "దిగి తోసుకోని పో బిడ్డా. నీ అసుంటోళ్ళను శానమందిని జూసింది గీ గడ్డ." వాడు వినకుండా నవ్వి ఎక్కిపోతాడు. అంతే. ఆ మాట కాగితం మీద రాసిచ్చారు. నేను దాన్ని పొయ్యికి చెప్పాను, అద్దానికి చెప్పాను, యూసుఫ్‌గూడలో గుంత దగ్గర ఆగిపోయిన ఆటోవాడికి చెప్పాను. వాడు నిజంగానే దిగి తోసుకున్నాడు. బాగా చెబుతున్నానని అప్పుడే నమ్మకం కుదిరింది.

ఆర్ట్ డిపార్టుమెంటులో సుహాస్ అని ఒకడు ఉన్నాడు. వాడు వచ్చి, "ప్రిపేర్ చేయాలమ్మా" అని సైకిలు తీసుకుపోయాడు. ఏం ప్రిపేరో నేను అడగలేదు.

శనివారం ఫిలింనగర్ గడ్డ మీద ట్రయల్ పెట్టారు. నేనూ పోయాను. సైకిలు మట్టి కొట్టుకుపోయి, ఎవరో చెరువులోంచి లాగినట్టు ఉంది. హీరో పృథ్వీరాజ్ వచ్చాడు. కొత్త కుర్రాడు, చొక్కా గుండీలు తెగిపోతాయేమో అన్నట్టు ఒళ్ళు పెంచాడు. ఎక్కి ఒక్క తొక్కు తొక్కాడు. పెడలు పట్టులేకుండా గిరగిరా తిరిగింది. సైకిలు నిలబడ్డచోటే నిలబడి, తర్వాత మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. హీరోగారు కాళ్ళు ఆడిస్తూనే కొబ్బరిబోండాల బండి దాకా వెనక్కి పోయారు. బండివాడు పక్కకు తప్పుకుని, "ఒకటి కొట్టమంటారా సార్?" అన్నాడు.

టిక్ టిక్ కూడా లేదు. సైకిలు నోరు పడిపోయింది.

రవిచంద్ర నా దగ్గరికి వచ్చాడు. "సోమవారం పొద్దున షాట్ అమ్మా. ఆలోపు సైకిల్ రెడీ అయితే ఓకే. లేకపోతే మోటారు సైకిల్ పెట్టేస్తాం."

"మరి నా డైలాగు సార్?"

"మోటారు సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి దిగి తోసుకోమని ఎలా అంటావమ్మా?"

అది నిజమే. నేను సైకిలు తీసుకుని వచ్చేశాను.

కృష్ణానగర్‌లో మొదటి షాపువాడు హబ్బును తట్టి చూసి, "ఇది సైకిలా అమ్మా, మిక్సీనా?" అన్నాడు. రెండోవాడు చక్రం మొత్తం మార్చేస్తానన్నాడు. చక్రం మారిస్తే ఆ చప్పుడు పోతుంది. చప్పుడు పోతే డైరెక్టరుకు సైకిలు అక్కర్లేదు. సైకిలు అక్కర్లేకపోతే నేను అక్కర్లేదు. మూడోవాడే మంచి మాట చెప్పాడు. "షేక్‌పేటల జాకబన్న ఉన్నడు. ఒకప్పుడు బంగళాల గేరు సైకిళ్ళన్నీ ఆయనే ఇప్పేటోడు. బతికుంటే ఇప్పుతడు."

ఆదివారం పొద్దున సైకిలు తోసుకుంటూ ఫిలింనగర్ గడ్డ ఎక్కి దిగాను. ఎక్కేటప్పుడు నా డైలాగు నాకే తగిలింది.

జాకబ్ బతికే ఉన్నాడు. తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చర్చికి బయలుదేరుతున్నాడు. భీమవరం వైపు మనిషి. మాట మెత్తన, పట్టుదల గట్టి.

"ఆదివారం నేను పానా ముట్టనండీ. రేపు రండి."

"రేపు పొద్దుగాల్నే షాటున్నదన్నా."

"షాటుంటే ఉండనివ్వండి. విశ్రాంతి దినం విశ్రాంతి దినమే."

"అన్నా, ఒకపారి ఏసుప్రభువు సినిమా తీసిన్రు. నేను జనంల ఉన్న. విశ్రాంతి దినం నాడు గొర్రె గోతిల వడితే పైకి తియ్యరా అని ప్రభువు వేషమేసినాయన అడుగుతడు. గొర్రె ఊకె ఉరుకుతుండె. దాని కాళ్ళు వట్టుకున్నది నేనే."

"గొర్రె వేరు, సైకిల్ వేరండీ."

"నా గొర్రె గిదే అన్నా."

లోపల్నుంచి ఆయన భార్య కరుణాకుమారి నవ్వు వినపడింది. చేతిలో సంచితో బయటికి వచ్చి, "ఇంక మీరేం అంటారు? గొర్రె కాళ్ళు పట్టుకున్నావిడతో వాదిస్తారా? ఆరాధన అయ్యాక చూడండి" అంది. నాకు వరండాలో స్టూలు చూపించి ఇద్దరూ వెళ్ళిపోయారు.

నేను సైకిలు గోడకు ఆనించి కూర్చున్నాను. పనేమీ లేక సైకిలునే చూస్తున్నాను. గోడ పగులులోంచి చీమల బారు ఒకటి వచ్చింది. నేల మీద సాగి, టైరు ఎక్కి, ఊచ పట్టుకుని నడిచి, హబ్బు మీద నూనె పోసే చిన్న బొక్క దగ్గరికి పోయి, ఒకదాని వెనక ఒకటి లోపలికి దిగిపోతోంది. రేషన్ షాపు దగ్గర మనుషులు కూడా అంత వరసగా నిలబడరు.

జాకబ్ తిరిగి వచ్చి, లుంగీ కట్టుకుని ముందు కూర్చున్నాక చీమలు చూపించాను. "గ్రీజు తినే చీమల్ని నేనెప్పుడూ చూడలేదండీ" అన్నాడు.

చక్రం విప్పాడు. హబ్బు పక్కన గాడి ఉన్న చుట్టు ఒకటి ఉంటే, ఆ గాడిలో ఉలి ఆనించి సుత్తితో మెల్లగా కొడుతూ తిప్పాడు. చాలాసేపు మొరాయించి, చివరికి వదులైంది. లోపలి సామానంతా ఒక్క ముద్దగా బయటికి వచ్చింది. నేను అప్పటిదాకా దాని కడుపు చూడలేదు. మధ్యలో ఒక చిన్న పళ్ళ చక్రం కదలకుండా ఉంటుంది. దాని చుట్టూ నాలుగు బుల్లి చక్రాలు తిరుగుతాయి. వాటి చుట్టూ ఇంకో పెద్ద చుట్టు తిరుగుతుంది. మధ్యలో ఒకాయన కుర్చీలోంచి లేవకుండా కూర్చోవడం, నలుగురు ఆయన చుట్టూ తిరగడం, ఆ నలుగురి చుట్టూ ఊరంతా తిరగడం. అచ్చం షూటింగే.

జాకబ్ గోరంత ఇనపముక్కలు చూపించాడు. "ఇవండీ అసలు సంగతి. హైదరాబాద్ మెకానిక్కులు వీటిని కుత్తాలంటారు. కుక్కలన్నమాట. స్ప్రింగు మీద లేచి నిలబడి, హబ్బు లోపలి పళ్ళని పట్టుకోవాలి. పట్టుకుంటేనే చక్రం తిరుగుద్ది. ఆ పళ్ళ మీద ఇవి కొట్టుకునే చప్పుడే మీ టిక్ టిక్. ఇప్పుడు చూడండి, ఒక్కటీ లేవట్లేదు. పడుకున్నాయి."

అన్నిటినీ కిరసనాయిలు పళ్ళెంలో వేసి బ్రష్షుతో తోమాడు. పాత గ్రీజు పోయింది గాని, కుక్కల చుట్టూ నల్లగా, జిగటగా ఉన్నది మాత్రం కదల్లేదు. "ఏం జిడ్డండీ ఇది, కిరసనాయిలుకి కూడా లొంగట్లేదు" అని గోకుతూ కూర్చున్నాడు. నేను హబ్బు డొల్లలో వేలు పెట్టి, కొంచెం తీసి నాలిక మీద పెట్టుకున్నాను. కరుణాకుమారి "అయ్యో అదేం పనండీ" అంది.

"తియ్యగుంది" అన్నాను.

సుహాస్‌కు ఫోన్ చేసి, అందరికీ వినపడేట్టు పెట్టాను. "సైకిల్‌కు ఏం బూసినవ్ బిడ్డా?"

"ఏజింగ్ చేశానమ్మా. బాగా వచ్చింది కదా?"

"ఏజింగ్ అంటే ఏంది?"

"పాతగా కనపడేలా చేయడం. బెల్లం పాకం, టీ డికాషన్, మట్టి. బెల్లం ఉంటేనే మట్టి పట్టుకుంటుంది."

"డబ్బాల గూడ వోసినవా?"

"హబ్ మరీ మెరుస్తోందమ్మా, ఫ్రేమ్‌లో కళ్ళు అక్కడికే పోతున్నాయి. దానికి కొంచెం గట్టిగా కొట్టాను. ఆ మూత దగ్గర ఎక్కువ పడిందేమో."

"అది నూనె వోసే బొక్క. అరే బిడ్డా, ఆ సైకిలు నాకన్న పెద్దది. దానికి నువ్వేం ముసలితనం దెస్తవ్?"

"నిజంగా పాతది కెమెరాలో పాతగా కనపడదమ్మా."

నేను వాణ్ణి తిట్టలేకపోయాను. ఒక సినిమాలో ముసలమ్మ వేషానికి నాకు కూడా ముడతలు అంటించారు, ఉన్న ముడతల మీద.

"బెల్లమైతే ఏముందండీ, వేడినీళ్ళు పోస్తే పోద్ది" అంటూ కరుణాకుమారి లేచింది. జాకబ్ పళ్ళేనికి చేయి అడ్డం పెట్టాడు. "గేర్లలో నీళ్ళా? తుప్పు పడితే రేపటికి కాదు కదా, జన్మలో తిరగదు. ఇలాంటిది మళ్ళీ దొరకదండీ."

నేను ఆ చేయి వైపు చూశాను. లక్ష్మయ్య ఉంటే ఆయన కూడా అట్లాగే చేయి పెట్టేవాడు. పెట్టి, జాగ్రత్తగా తుడిచి, గోడకు ఆనించి ఉంచేవాడు. "గట్లనే ఉంచితే గూడ తిరగదు గదన్నా. రేపు మోటరు సైకిలొస్తది. అది ఫట్ ఫట్ మంటది, నేను మక్కలు కాలుస్త, ఎప్పటిలెక్కనే. నీళ్ళు వొయ్యనీయన్నా."

జాకబ్ చేయి తీశాడు.

కరుణాకుమారి తెచ్చిన నీళ్ళు మరిగిపోతున్నాయి. పోయగానే పళ్ళెం అంతా పాయసం రంగుకు తిరిగింది. టీ వాసన, బెల్లం వాసన, చచ్చిన చీమలు. రెండోసారి, మూడోసారి పోసేసరికి ఇనుము తెల్లగా బయటపడింది. జాకబ్ మాత్రం పురిటి బిడ్డను తుడిచినట్టు ఒక్కొక్కటీ పాత పంచెతో తుడిచి, డాబా మీద ఎండలో పరిచి, కాకులు రాకుండా తనే కాపలా కూర్చున్నాడు. పూర్తిగా ఆరాక కరుణాకుమారి కుట్టు మిషన్ నూనె తెచ్చింది. చుక్క చుక్క వేసుకుంటూ బిగించడం మొదలుపెట్టాడు.

అప్పుడు చూసుకుంటే ఒక కుక్కకు స్ప్రింగు విరిగి ఉంది. వెంట్రుక మందం తీగ. అది ఏ షాపులోనూ దొరకదన్నాడు. ఆయన లోపలికి పోయి ఒక చిన్న తీగచుట్ట పట్టుకొచ్చాడు. "మా అమ్మాయి జెరూష చర్చిలో గిటార్ వాయిస్తదండీ. పోయిన క్రిస్మస్‌కి తెగింది ఈ తీగ." ముక్క కత్తిరించి, సన్న పట్టకారుతో వంచి, తొడిగాడు. వేలితో నొక్కి వదిలాడు. కుక్క టక్కున లేచి నిలబడింది.

చక్రం బిగించి పెడలు తిప్పాడు. టిక్ టిక్ టిక్. ముగ్గురం చక్రం మీదికి వంగి విన్నాం.

"గుర్తుపెట్టుకోండి" అన్నాడు జాకబ్. "ఒకటో గేరు గడ్డలెక్కడానికి. అప్పుడు చప్పుడు చెయ్యదు, బుద్ధిగా పైకెళ్ళిపోద్ది. రెండూ మూడుల్లో మాట్లాడుద్ది. మూడోది చదును రోడ్డుకి. దాంతో గడ్డెక్కితే మోకాళ్ళు చేతికొస్తాయి. నేను ఒకటిలో పెట్టి ఇస్తున్నాను, ఆ కుర్రాడు హాయిగా ఎక్కుతాడు."

సోమవారం పొద్దున సుహాస్ గిన్నె, బ్రష్షు పట్టుకుని వచ్చాడు. నేను హబ్బుకు ప్లాస్టిక్ కవరు చుట్టి పట్టుకుని నిలబడ్డాను. "మిగిలినకాడ ఏమన్న బూసుకో. ఈ డబ్బా జోలికొస్తే నీకే ఏజింగ్ జేస్త." వాడు గిన్నె దూరంగా పెట్టాడు.

గడ్డ సగంలో బొగ్గుల కుంపటి పెట్టి, చేతికి విసనకర్ర ఇచ్చి నన్ను కూర్చోబెట్టారు. రిహార్సల్. కింద నుంచి హీరో బయలుదేరాడు. నేను కంకి తిప్పుతూ తల ఎత్తాను. "దిగి" అన్నాను. అప్పటికే అతను నా ముందు నుంచి చల్లగా, చప్పుడు లేకుండా, ఈల వేసుకుంటూ పోయాడు. "తోసుకోని పో బిడ్డా" అన్నది అతని వీపు కూడా వినలేదు.

రవిచంద్ర నెత్తి గోక్కున్నాడు. "టిక్ టిక్ ఏది? వీడు ఇంత ఈజీగా ఎక్కేస్తే ప్రేమ కోసం కష్టపడుతున్నట్టు ఎక్కడుంది?"

పక్కనున్న అసిస్టెంటు, "అమ్మ డైలాగ్ కూడా సెట్ కావట్లేదు సార్. తీసేసి మ్యూజిక్‌తో లాగించేద్దామా?" అన్నాడు.

రవిచంద్ర కాగితం వైపు చూశాడు. పెన్ను చొక్కా జేబులో ఉంది. చేయి అటు పోతోంది.

"సార్, సైకిలు జర జూస్త" అని లేచి, కిందికి నడిచాను. హీరో మళ్ళీ దిగి వచ్చి సీటు మీద కూర్చుని ఉన్నాడు. హ్యాండిల్ మీది మీటను మొదటి నుంచీ గంట అనుకుంటున్నాడు, అది మోగదని విసుక్కున్నాడు కూడా. నేను దాన్ని మూడుకు వదిలేశాను. తీగ వదులైంది.

"ఏం చేశారమ్మా?"

"ఏం లేదు బిడ్డా. జర సర్దిన."

వచ్చి కుంపటి ముందు కూర్చున్నాను. సైలెన్స్ అన్నారు. రోడ్డుకు ఆ చివరా ఈ చివరా బండ్లు ఆపారు. యాక్షన్ అన్నారు.

ముందు చప్పుడు వచ్చింది. టిక్. టిక్. టిక్. తర్వాత హీరో వచ్చాడు. సీటు మీద కూర్చోలేక లేచి తొక్కుతున్నాడు. మెడ నరాలు తేలాయి, ముఖం వంకాయ రంగుకు తిరిగింది, చెమట మేకప్‌ను తీసుకుని గడ్డం దాకా వచ్చింది. ఇంత ప్రేమ అతని ముఖంలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. నేను తొందరపడలేదు. కంకి అటు తిప్పాను, ఇటు తిప్పాను. నా ఎదురుగా వచ్చి సైకిలు దాదాపు ఆగిపోయాక అన్నాను.

"దిగి తోసుకోని పో బిడ్డా. నీ అసుంటోళ్ళను శానమందిని జూసింది గీ గడ్డ."

అతను నవ్వి ఎక్కిపోవాలి. నవ్వడానికి అతని దగ్గర ఊపిరి లేదు. "అయితే నువ్వే తొయ్యమ్మా" అన్నాడు, నిజంగానే ఏడుపు గొంతుతో.

అది కాగితంలో లేదు. ఎవరూ కట్ అనలేదు. నేను విసనకర్ర కింద పెట్టి, కొంగు దోపుకుని లేచాను. రెండు చేతులూ క్యారియర్ మీద ఆనించాను. ఎన్నో ఏళ్ళు ఆ క్యారియర్ మీద సామానులాగా కూర్చున్నాను, దాన్ని వెనక నుంచి తోయడం అదే మొదలు. తోశాను.

"తొక్కు మరి. కాళ్ళు కిరాయికి దెచ్చినవా?" అన్నాను.

టిక్ టిక్ టిక్ అంటూ ఇద్దరం గడ్డ పైదాకా పోయాం. అక్కడ అతను సైకిలు వదిలేసి ఫుట్‌పాత్ మీద పడుకున్నాడు. "జిమ్‌లో కూడా ఇంత లేదు" అన్నాడు ఆకాశంతో.

రవిచంద్ర చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్స్ తీసి, సౌండ్ ఇంజనీరు వైపు చూశాడు. అతను బొటనవేలు ఎత్తాడు. "ఇదే ఉంచుదాం. రెండో డైలాగు కూడా" అని కాగితం మీద పెన్నుతో రాసుకున్నాడు. సాయంత్రానికి అసిస్టెంటు నన్ను మేడం అనడం మొదలుపెట్టాడు.

గదికి వచ్చి సైకిలు తుడుస్తుంటే జాకబ్ ఫోన్ చేశాడు.

"ఎక్కిందాండీ?"

"ఎక్కిందన్నా. నా మాట వడ్డది. టిక్ టిక్ గూడ మంచిగ వడ్డదట."

అవతల పానా కింద పెట్టిన చప్పుడు వినపడింది. 

"ఒకటో గేరులో టిక్ టిక్ అనదు కదండీ."

"అనది."

"రాజమ్మగారూ. ఆ కుర్రాణ్ణి మూడో గేరులో ఎక్కించారా?"

"నా గొర్రెను గోతిలకెల్లి నేనే పైకి తీసుకున్నన్నా" అన్నాను.